బొగ్గు బస్సులో నేను, సైకిలు మీద ఆయన: జోగిపేట నుంచి నారాయణఖేడ్‌కు

నారాయణఖేడ్‌లో మిషను వాళ్ళు కొత్తగా తెరిచిన చిన్న దవాఖానకు నర్సు కావాలని కబురు వచ్చేనాటికి మా పాప ఇంకా పాకడం మొదలుపెట్టలేదు. మా ఆయన దేవదానం అప్పటికే ఆ ఊళ్ళో బడిపంతులుగా ఉన్నాడు. నేను సంగారెడ్డిలో పని నేర్చుకుంటూ, పాపను పెట్టుకుని ఒక గదిలో ఉండేదాన్ని. పెళ్ళయినప్పటి నుంచి మేమిద్దరం ఒకే కప్పు కింద ఉన్నది సెలవుల్లోనే. అందుకే కబురు అందగానే మరో ఆలోచన లేకుండా పెట్టె సర్దాను. ఇప్పుడు ఈ వైపు కొలువులకు వచ్చే పంతుళ్ళు, నర్సులు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు నన్ను దారి గురించి అడుగుతుంటారు. ఎక్కడ ఎక్కాలి, ఎంత తీసుకుంటారు, పసిపిల్లతో పోవచ్చా అని. అవన్నీ చెబుతాను. కానీ ఆ రోజు దారిలో జరిగింది చెప్పకపోతే దారి గురించి సగమే చెప్పినట్టవుతుంది.

జర్మనీతో యుద్ధం నడుస్తున్న రోజులు. పెట్రోలు దొరకడం గగనమైపోయి బస్సులన్నీ బొగ్గు గ్యాసు మీద నడుస్తున్నాయి. బస్సు వెనకాల మనిషంత ఎత్తున ఇనుప పీపా ఒకటి బిగించి, అందులో బొగ్గు రాజేస్తారు. బయలుదేరడానికి అరగంట ముందు నుంచే దాని పక్కనున్న చక్రాన్ని చేత్తో తిప్పుతూ గాలి కొట్టాలి. ఆ గాలికి బొగ్గు అంటుకుని, గ్యాసు పుట్టి, అప్పుడు బండి లేస్తుంది. చదునైన బాట మీద పరవాలేదు గానీ ఎత్తు వచ్చిందంటే దానికి ప్రాణం పోతుంది. జోగిపేట నుంచి నారాయణఖేడ్‌కు ముప్పై మైళ్ళకు కొంచెం తక్కువ. ఒక సేటు నడిపే బస్సు ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో కదిలేది. చార్జీ నిజాం నాణెం హాలీ సిక్కాలో పన్నెండు అణాలు. ఒళ్ళో పిల్లకు ఏమీ అడగరు. పన్నెండు గంటలకల్లా చేరాలని పేరు. మధ్యాహ్నం రెండయినా ఎవరూ ఆశ్చర్యపోరు.

మమ్మల్ని తీసుకుపోవడానికి మా ఆయన ముందు రోజే సైకిలు తొక్కుకుంటూ జోగిపేటకు వచ్చాడు. తెలిసినవాళ్ళ ఇంట్లో ఆ రాత్రి పడుకున్నాం. తెల్లారి బస్సు దగ్గరికి పోతే డ్రైవరు పక్క వరసలో ఒక్క సీటే మిగిలింది. బస్సు నడిపే హుసేన్ నలభై ఏళ్ళ మనిషి, చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. చేతులు మోచేతుల దాకా బొగ్గు మసి. సైకిలు పైన వేసుకుంటావా అని మా ఆయన అడిగితే, పైన కట్టిన కందుల బస్తాలు చూపించాడు.

"ఇప్పటికే బరువెక్కువైంది. ఇంకొక్క శేరు పెడితె గీ బండి లేవది. అమ్మను, పాపను కూసోబెడత. నువ్వు సైకిల్ మీద రా."

కోపంగా అనలేదు, ఉన్న మాట అన్నాడు. మా ఆయన సరేనని నన్నెక్కించి, పాల సీసా ఉన్న సంచీ నా కాళ్ళ దగ్గర పెట్టి, తాను ముందే బయలుదేరాడు. ఇంకా బస్సుకు గాలి కొడుతూనే ఉన్నారు. ఎర్రటి మొరం బాట మీద ఆయన తెల్ల చొక్కా చిన్నదవుతూ పోవడం కిటికీలోంచి చూశాను.

నా పక్క సీటులో శివలింగప్ప అని నాగల్‌గిద్ద వైపు కందుల వ్యాపారి కూర్చున్నాడు. పైనున్న బస్తాలు ఆయనవే. ఇంట్లో కన్నడం మాట్లాడే మనిషి. నన్ను చూడగానే "తంగీ" అన్నాడు, కన్నడంలో చెల్లెలన్నమాట. పాప చేతికి తన ఉంగరాల వేలు ఇచ్చి, "భయపడకమ్మ, హుసేన్ మంచిగ నడుపుతడు. గీ బాటల వేరే ఎవ్వరూ నడపలేరు" అన్నాడు. అది నిజమే. ఆ బాట అలాంటిది. మధ్యలో బండి చక్రాలు నడిచి నడిచి నున్నగా అయిన భాగం ఒక్కటే బాగుంటుంది. రెండు పక్కలా మరమ్మతు కోసం పోసి వదిలేసిన కంకర, దాని అవతల తుమ్మ ముళ్ళు. బస్సుకైనా సైకిలుకైనా నడవాల్సింది ఆ మధ్య భాగమే.

నాలుగైదు మైళ్ళు పోయాక మా ఆయన కనబడ్డాడు. సరిగ్గా బాట నడుమ తొక్కుతున్నాడు. హుసేన్ రబ్బరు హారను నొక్కాడు. మా ఆయన తిరిగి చూశాడు గానీ వెంటనే దిగలేదు. కంకర లేని చోటు కోసం చూస్తున్నాడని నాకు అర్థమైంది. బస్సులో వాళ్ళకు అర్థం కాలేదు.

"ఏందిర వాడు, తొవ్వంత వాని అయ్యదే అన్నట్టు పోతుండు!" వెనక నుంచి ఎవరో అరిచారు.

"మీదికెల్లి పోనియ్యి, తెలుస్తది!" అని ఇంకొకరు. నలుగురూ నవ్వారు.

నేను లేచి నిలబడ్డాను. "ఆయన మా ఇంటాయన" అన్నాను గట్టిగానే.

నవ్వు ఆగిపోయింది. శివలింగప్ప గొంతు సవరించుకున్నాడు. హుసేన్ అద్దంలోంచి నా వైపు ఒక్కసారి చూసి, "ఎవరింటాయనైనా తొవ్వ ఇయ్యాలె గద చెల్లె" అన్నాడు. అని, వేగం తగ్గించాడు. దానితో బండి కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయింది. మా ఆయన ఈలోగా చోటు చూసుకుని పక్కకు దిగాడు. బస్సు మళ్ళీ లేవడానికి మగవాళ్ళంతా దిగి తోయాల్సి వచ్చింది. మా ఆయన కూడా సైకిలు పక్కన పడేసి వచ్చి వాళ్ళతో కలిసి భుజం పెట్టాడు. ఎవరూ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. బస్సు కదిలి ఆయన పక్కనుంచి పోతుంటే లేచిన దుమ్ము, పొగ కలిసి ఆయన్ను పూర్తిగా కప్పేశాయి. దగ్గు మాత్రం వినబడింది.

పది గంటలు దాటాక శంకరంపేటలో ఆగాం. అక్కడ బొగ్గు నింపి, పీపా అడుగున బూడిద తీసి, మళ్ళీ గాలి కొడతారు. గంట పడుతుంది. పసిపిల్లతో వచ్చేవాళ్ళు పాలు ఇక్కడే వేడిచేసుకోవచ్చు. ఒక గుడిసె ముందు ముసలమ్మ జొన్నరొట్టెలు కాల్చి అమ్మేది. అణాకు రెండు రొట్టెలు, పుంటికూర, అంటే గోంగూర, ఊరికే వేసేది. పొయ్యి మీద పాలు పెట్టుకోనిస్తే అరణా ఇవ్వబోయాను, తీసుకోలేదు.

"పిల్లకు పాలు కాగబెట్టినందుకు పైసలా? కూసో బిడ్డా" అన్నది. నేను తింటుండగా మా ఆయన చేరుకున్నాడు. కనుబొమ్మలు ఎర్రమట్టితో నిండిపోయి వయసు మళ్ళినవాడిలా కనబడ్డాడు. అవ్వ ఆయనకు ముంతతో నీళ్ళిచ్చి నా వైపు తిరిగి మెల్లగా అన్నది: "బస్సోళ్ళు గా పక్కకు కూసుంటరు, సైకిలోళ్ళు గీ పక్కకు. ఇద్దరూ నా రొట్టెలే తింటరు. ఒక్కనాడన్న కలిసి కూసుండంగ చూడలేదు."

ఆ రోజు కలిసి కూర్చోలేదు గానీ ఎదురెదురుగా నిలబడ్డారు. హుసేన్ నీళ్ళ కోసం అక్కడికే వచ్చాడు. ముందు మా ఆయనే మాట అందుకున్నాడు.

"తొవ్వ బస్సుకే రాసిచ్చిండ్రా?"

"రాసియ్యలే. కని పక్కకు దిగితె, లేకుంటె నెమ్మది జేస్తె గీ బండి మళ్ళ లేవది. చూసినవ్ గద. ఇరవై మంది దిగి నూకాలె."

"నేను పక్కకు దిగితె టైరు తెగుతది. ఇది కొత్త టైరు గాదు. లోపల పాత ముక్క పెట్టి కుట్టిచ్చిన. గిప్పుడు టైర్లు ఏడ దొరుకుతున్నయి? ఇది తెగిందంటె నేను నెలల తరబడి నడుసుడే."

"హారన్ ఇనబడంగనే దిగి, ఎత్తుకోని పక్కకు నిలవడరాదా? సైకిల్ ఎంత బరువుంటది?"

"ఎన్ని మాట్ల దిగాలె? బస్సుకు దిగాలె, లారీకి దిగాలె, దొర కారొస్తె దిగి దండం గూడ పెట్టాలె. దిగుడే పనైతె ఇగ ఎక్కుడెందుకు?"

హుసేన్ ముంత కింద పెట్టాడు. "నేను దొరను గాదు పంతులూ. నాకు దండం పెట్టుమన్లే. నిన్న లేటయ్యిందని సేటు నన్ను అందరి ముంగట తిట్టిండు. గంతే చెప్తున్న."

ఇద్దరి మాటా నిజమే. నేను రెండు పక్కలా చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. బస్సులో కూర్చుంటే సైకిలు మొండిదనిపిస్తుంది. సైకిలు మీద ఉన్నవాడికి బస్సు బలుపుతో వస్తున్నట్టుంటుంది. అప్పుడు ఈ మాట వాళ్ళిద్దరికీ చెప్పాలని నాకు తోచలేదు. పాప ఏడుస్తోంది. మా ఆయన రెండు రొట్టెలు మడిచి తిని, "నేను ముంగట పోత, వాగు దాటేదాంక నాకు తొవ్వ సాఫ్ ఉంటది" అని వెళ్ళిపోయాడు. బస్సు కదలడానికి ఇంకా అరగంట ఉంది. అంతసేపట్లో వాగు దాటేస్తాడనే ఆయన లెక్క. వెనక చక్రంలో గాలి దిగిపోయి దారిలో ఒక చోట ఆగాల్సి వచ్చిందని తర్వాత తెలిసింది.

నారాయణఖేడ్ ఇంకా ఐదారు మైళ్ళు ఉందనగా ఆ వాగు వస్తుంది. బాట ఏటవాలుగా దిగి, వాగుకు అడ్డంగా కట్టిన రాతి కట్ట మీదుగా పోయి, అవతల ఒక్కసారిగా పైకి ఎక్కుతుంది. కట్ట వెడల్పు ఒక బస్సు పట్టేంత. అంచులకు గోడ లేదు. బొగ్గు బస్సు ఆ ఎత్తు ఎక్కాలంటే ఒకటే దారి. ఇవతలి దిగుడులోనే వేగం పుంజుకుని, కట్ట మీద తగ్గకుండా పోయి, ఆ ఊపుతోనే ఎక్కాలి. ఈ సంగతి శివలింగప్ప నాకు ముందే చెప్పాడు, పాపను గట్టిగా పట్టుకొమ్మని.

దిగుడు మొదలయ్యేసరికి కట్ట మొదట్లో మా ఆయన కనబడ్డాడు. అప్పుడే కట్ట మీదికి ఎక్కుతున్నాడు.

హుసేన్ హారను నొక్కాడు. ఆపకుండా నొక్కుతూనే ఉన్నాడు. అతని కాలు బ్రేకు మీదికి పోవడం చూశాను. వెనక నుంచి ఐదారు గొంతులు ఒక్కసారే లేచాయి. "ఆపకు! ఆపకు! ఆపితె ఇగ ఎక్కదు!" "మల్ల నూకుడు మాతోని గాదు!" కాలు మళ్ళీ వెనక్కి వచ్చింది. బస్సు దిగుడులో దూసుకుపోయింది.

కట్ట మీద పక్కకు తప్పుకోవడానికి చోటు లేదు. మా ఆయన వెనక్కి చూసి, సీటు మీది నుంచి లేచి నిలబడి శక్తికొద్దీ తొక్కాడు. ఆ తెల్ల చొక్కా వీపంతా చెమటకు అతుక్కుని ఉంది. కట్ట దాటేశాడు కూడా. దాటి ఎడమ పక్కకు తిప్పాడు. అక్కడ కంకర కుప్ప ఉంది. ముందు చక్రం అందులో దిగబడి సైకిలు అడ్డం తిరిగింది. బస్సు పక్క రేకు హ్యాండిలుకు తగిలిన చప్పుడు నేను విన్నాను. చిన్న చప్పుడే. తర్వాత కిటికీలో నాకు ఆకాశం, తుమ్మచెట్టు తప్ప ఏమీ కనబడలేదు.

బస్సు ఆగలేదు.

నేను అరిచాను. ఏమని అరిచానో నాకు గుర్తులేదు. "ఇప్పుడు ఆపితె ఎనుకకు జారుతది, అందరం వాగుల పడతం!" అని ఎవరో నా భుజం పట్టి కూర్చోబెట్టారు. బండి మూలుగుతూ, కొట్టుకుంటూ, నడిచే మనిషికన్నా నెమ్మదిగా ఎక్కుతోంది. హుసేన్ రెండు చేతులతో చక్రం పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు. మెడ మీద నరాలు ఉబ్బి ఉన్నాయి. ఆ ఎత్తు ఎక్కేంత సేపూ నా భర్త బతికి ఉన్నాడో లేదో తెలియకుండా ఒళ్ళో బిడ్డతో కూర్చున్నాను. ఆ ఎత్తు పెద్దదేం కాదు. తర్వాత చాలాసార్లు నడిచి ఎక్కాను, ఆయాసం కూడా రాదు. ఆ రోజు మాత్రం అది తరిగేది కాదనిపించింది.

పైకి రాగానే బస్సు ఆగింది. హుసేన్ దూకి, చక్రాల కింద రెండు రాళ్ళు తోసి, అందరికన్నా ముందు కిందికి పరుగెత్తాడు. నేను పాపను శివలింగప్ప చేతిలో పెట్టి వెనకే పరుగెత్తాను. ఆ వ్యాపారి పాపను ఛాతీకి హత్తుకుని భద్రంగా పట్టుకున్నాడు.

మా ఆయన బాట పక్క గుంతలో కూర్చుని ఉన్నాడు. కూర్చుని ఉండటం చూశాకే నాకు ఊపిరి అందింది. నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారుతోంది. కుడి భుజం కిందికి జారి, ఎడమ చేత్తో మోచేతిని పట్టుకుని ఉన్నాడు. చూడగానే భుజం దగ్గరి ఎముక విరిగిందని తెలిసింది. నేర్చుకున్న పని మొదట నా ఇంటి మనిషికే చేయాల్సి వచ్చింది.

"చెయ్యి లేపకు. కదలకు. నన్ను చూడు" అన్నాను. "పాపేది?" అన్నాడు. బాగుందని చెప్పాను.

కట్టు కట్టడానికి గుడ్డ కావాలి. నేను వెనక్కి తిరిగేలోపే హుసేన్ తల మీది రుమాలు విప్పి నా చేతికిచ్చాడు. తలపాగాలా చుట్టుకునే పొడుగు రుమాలు అది. సగం చింపి నుదుటికి, మిగతా సగంతో చేతిని ఛాతీకి కట్టాను. కట్టినంతసేపూ అతను మా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నేను చెప్పినచోట వేలు పెట్టి గుడ్డ పట్టుకున్నాడు. మా ఆయన అతని ముఖం వైపు చూడలేదు. ఒక్కమాట అడిగాడు.

"నన్ను చూసినవా, చూడలేదా?"

"చూసిన" అన్నాడు హుసేన్.

లేవదీసి మెల్లగా నడిపిస్తుంటే హుసేన్ ఆయన ఎడమ చంక కింద భుజం ఆనించాడు. వంగిపోయిన సైకిలును ఇంకెవరో మోసుకొచ్చారు. బస్సు దగ్గర అందరూ దిగి నిలబడి ఉన్నారు. ఆపకు ఆపకు అని అరిచినవాళ్ళే వెనక పొడుగు సీటు ఖాళీ చేసి, పైనుంచి ఒక గోనె సంచీ దించి పరిచారు. వాళ్ళలో ఒకాయన మా ఆయన కాళ్ళ చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, ఆ క్షణంలో నాకు చేతకాలేదు.

నారాయణఖేడ్ చేరేసరికి రెండున్నర. నేను కొలువులో చేరాల్సిన దవాఖానలోకి మొదటి రోగిగా నా భర్తనే తీసుకుపోయాను. సాయంత్రం పోలీసు అమీన్ సాబ్ వచ్చాడు. బస్సులోవాళ్ళు అప్పటికే ఆయనతో సైకిలాయనే అడ్డమొచ్చాడని చెప్పి ఉన్నారు. నన్ను అడిగితే నేను చూసింది చెప్పాను. దిగుడులో హారను కొట్టిందీ, కాలు బ్రేకు మీదికి పోయిందీ, జనం అరిచిందీ, కాలు వెనక్కి వచ్చిందీ అన్నీ చెప్పాను.

అమీన్ సాబ్ హుసేన్ వైపు తిరిగాడు. "ఆపలేకపొయినవా, ఆపలేదా?"

"ఆపలేదు సాబ్" అన్నాడు హుసేన్. తల మీద రుమాలు లేక అతను చిన్నవాడిలా కనబడ్డాడు. "కట్టకు ముంగట ఆపొచ్చు. ఆపితె ఎక్కదని ఆపలేదు. కట్ట మీదికి ఒచ్చినంక ఇగ నా చేతుల లేకుండె. ఆమె చెప్పింది సచ్."

అతను అబద్ధం చెప్పి ఉంటే బస్సంతా అతని పక్కనే ఉండేది. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు అతని మీద గౌరవం కలుగుతుంది. ఆ ఎత్తు మీద నేను కూర్చున్న క్షణాలు గుర్తొస్తే మాత్రం ఆ గౌరవం నిలవదు. రెండూ నాలో ఉన్నాయి.

అతని లైసెన్సు తీసుకున్నారు. ఆ బాట మీద బొగ్గు బండి నడపగలవాడు ఇంకొకడు లేక బస్సే ఆగిపోయింది. ఊరికి నేనూ మా ఆయనా శత్రువులమైపోయాం. జోగిపేటకు పోవాల్సినవాళ్ళు ఎద్దుబండి కట్టుకుని రాత్రంతా పోవాల్సి వచ్చింది. దవాఖానకు వచ్చిన ఒకావిడ, పిల్లవాడికి మందు తీసుకుంటూనే నా మొహం మీద అనేసింది: "మీ ఆయనది చెయ్యి ఒక్కటే ఇరిగింది. మా ఊరందరి కాళ్ళు ఇరిగినయ్." ఆ పిల్లవాణ్ణి పెద్ద దవాఖానకు పంపాలి, పంపే దారి లేదు. ఆవిడ కోపం అబద్ధమని ఎలా అనను?

కొన్నాళ్ళకు హుసేన్ మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. మా ఆయన చేతికట్టుతో అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. "మాఫీ అడగనీకె ఒచ్చిన. నువ్వు ఇయ్యకున్న సరే" అన్నాడు హుసేన్. మా ఆయన అతన్ని ఒకటే అడిగాడు.

"లైసెన్సు మళ్ళ ఒస్తె గా వాగు కాడ ఏం జేస్తవ్?"

హుసేన్ నిజాయితీగానే చెప్పాడు. "ఏం జెయ్యాల్నో నాకు సమజైతలేదు. నిండు బండి ఆపితె ఎక్కది. ఖాళీ బండి అయితె ఏడ ఆపినా లేస్తది."

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. "మరి మమ్మల్ని దించరాదా అన్నా? దిగుడు కాన్నే దించు. మేం నడిచి ఎక్కుతం" అన్నాను.

"టికెట్ కొన్నోళ్ళను నడుమంటె ఊకుంటరా చెల్లె?"

"అడిగిచూడు. నేనుంటె మొదలు నేనే దిగుత."

మా ఆయన మరుసటి రోజే అమీన్ సాబ్ దగ్గరికి పోయాడు. ఎందుకు పోతున్నావని అడిగితే, "లైసెన్సు గుంజుకుంటె ఇరిగిన నా బొక్క అతుకుతదా? రేపు ఇంకొకడు ఒస్తడు. వానికి గా కట్ట సంగతి గూడ తెల్వదు" అన్నాడు. కట్టకు ముందు జనాన్ని దించాలి, కట్ట మీద సైకిలు గానీ బండి గానీ ఉంటే బస్సు పైనే ఆగాలి, ఈ రెండూ ఒప్పుకుంటే తనకు అభ్యంతరం లేదని చెప్పి వచ్చాడు. సేటు గొణిగాడట. ఊరి ఒత్తిడికి ఒప్పుకున్నాడు. బస్సు మళ్ళీ నడిచింది.

మా ఆయన భుజం అతికింది గానీ సరిగా కాదు. కుడి చెయ్యి భుజం ఎత్తు దాటి లేవదు. బడిలో నల్లబల్ల కింది సగంలోనే రాస్తాడు. పిల్లలు ముందు వరుసలో తలలు వంచి వెనకవాళ్ళకు చూపిస్తారు. సైకిలు మాత్రం మళ్ళీ తొక్కుతున్నాడు. హుసేన్ ఎదురైతే ఇద్దరూ సలాం చెప్పుకుంటారు, ఆగి మాట్లాడుకోరు. ఆయన అతన్ని మన్నించాడో లేదో నేను అడగలేదు. అడిగి తెలుసుకోవాల్సిన సంగతిలా కూడా నాకు అనిపించలేదు.

మొన్న వానలు తగ్గాక పని మీద జోగిపేటకు పోయి అదే బస్సులో తిరిగి వచ్చాను. వాగు దిగుడు దగ్గర హుసేన్ బండి ఆపి, "దిగుండ్రి" అన్నాడు. కొత్తగా వచ్చిన ఒకాయన, పైసలిచ్చి నడవడమేమిటని గొడవపెట్టాడు. అదే బస్సులో ఉన్న శివలింగప్ప పంచె ఎగదోపుకుని ఆయన్ను దాటి ముందే దిగిపోయాడు. ఆయన వెనక నేను, తర్వాత అందరూ. మేము బాట పక్కన నిలబడి ఉండగా ఎవరో సైకిలు మీద కట్ట దాటుతున్నాడు. వెనక గడ్డిమోపు కట్టుకున్న రైతు. తొందరేమీ లేకుండా తొక్కుతున్నాడు. దిగుడు పైన బస్సు ఇంజను కొట్టుకుంటూ ఆగి ఉంది. హుసేన్ హారను మీద చెయ్యి కూడా వేయలేదు. ఆ రైతు కట్ట దాటి, ఎత్తు మొదట్లో దిగి, సైకిలు తోసుకుంటూ పోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన పని అతనికి లేదు. మా ఆయనకు కూడా ఆ రోజు ఆ పని లేకుండా ఉండాల్సింది.

చాలాకాలం ఆ గొడవ హుసేన్‌కూ మా ఆయనకూ మధ్యదని అనుకున్నాను. ఇప్పుడలా అనిపించడం లేదు. ఆ బస్సు ఆగలేనంత బరువుగా ఉన్నది కందుల బస్తాలతోనూ, మాతోనూ. ఆపకు అన్నది లోపల కూర్చున్న మేము. ఆ మాట నా నోట రాలేదు, నిజమే. కానీ నా బరువు కూడా అందులోనే ఉంది. బాట మీద పోయే ఇద్దరి గురించి ఎవరైనా తీర్పు చెబుతుంటే, వాళ్ళిద్దరినీ తొందరపెట్టినవాళ్ళెవరా అని ఇప్పుడు నా కళ్ళు వెతుకుతుంటాయి.

ఈ దారిన వచ్చేవాళ్ళకు ఒక్కమాట. పాల సీసా, రొట్టెలు, చార్జీ డబ్బులతో పాటు కంకర మీద నడవగల గట్టి చెప్పులు వేసుకుని రండి. వాగు దగ్గర డ్రైవరు దిగమంటే, అతను రెండోసారి అడగకముందే దిగండి. అవతలి ఎత్తు పైకి నడవడానికి పావుగంట కూడా పట్టదు.